పేటెంట్ అయిపోయిందన్నారు, మరి మందు రేటు ఎప్పుడు దిగుతుంది?

నడిజాము
అందరికీ నమస్కారం. ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది. నాన్నగారికి గుండె పంపింగ్ తక్కువ. రెండు మందులు కలిపిన బ్రాండ్ బిళ్ళ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మూడేళ్ల నుంచి నడుస్తోంది. పోయిన వారం ఆయన సాక్సు విప్పుతుంటే చూశాను, చీలమండ చుట్టూ గీత లోతుగా పడి ఉంది, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. మందుల డబ్బా దించి చూస్తే అడుగున ఒక కాగితం పొట్లం. విప్పితే బ్లేడుతో కోసిన సగం బిళ్ళలు, పదకొండు. నెల మందుని రెండు నెలలు లాక్కొస్తున్నారు. ఎందుకిలా చేశారని అడిగితే "రేటు తగ్గుతుందట కదా, అప్పటిదాకా సర్దుకుందామని" అన్నారు.

ఆ మందు పేటెంట్ గడువు అయిపోయిందని ఆయన వార్తల్లో విన్నారట. విని కూడా చాలా నెలలైంది. కౌంటర్‌లో అడిగితే పాత రేటే. అసలు ఈ బ్రాండ్ మందులు ఎప్పుడు తగ్గుతాయి? పేటెంట్ అయిపోయిన రోజునా, ఆ తర్వాతా, లేక ఎప్పటికీ తగ్గవా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

చీటీచదువరి
నేను ఫార్మసిస్టుని. రేటు సంగతి తర్వాత, ముందు వాపు సంగతి. గుండె పంపింగ్ తక్కువున్న మనిషికి సగం డోసు వేసుకుంటుండగా కాళ్లు వాచాయంటే నీరు చేరుతోందని అనుమానించాలి. ఈ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. సగం వేసుకున్నారని దాచకుండా చెప్పండి, లేకపోతే మందు పనిచేయట్లేదనుకుని ఆయన డోసు పెంచేసే ప్రమాదం ఉంది. పడుకుంటే ఆయాసం వస్తోందా, నాలుగైదు రోజుల్లో బరువు పెరిగిందా, ఈ రెండూ కూడా చూసి చెప్పండి. ఆయాసం ఉంటే మాత్రం ఫోన్‌తో ఆగకండి, తీసుకెళ్లిపోండి.

నాన్నగారి మీద కోప్పడకండి. కౌంటర్ ఇవతల నిలబడి రోజూ చూస్తుంటాను. మూడు స్ట్రిప్పులు తీసి పెడితే రేటు విని "రెండు చాలు" అనేవాళ్లు, పిల్లలకి తెలియకూడదని బిల్లు అక్కడే చింపేసేవాళ్లు చాలామంది.

నడిజాము
ఫోన్ చేశాను, సాయంత్రం రమ్మన్నారు. ఆయాసం లేదు, బరువు రెండు కిలోలు పెరిగారు. వచ్చాక రాస్తాను.

నిదానం
మంచిది, వెళ్లి రండి. ఈలోపు మీ అసలు ప్రశ్నకి నాకు తెలిసినంత రాసి పెడతాను. పదేళ్లకు పైగా పేటెంట్ దరఖాస్తుల పని చేస్తున్నాను.

పేటెంట్ అంటే 20 ఏళ్లు అని అందరూ వింటారు. ఆ 20 ఏళ్ల లెక్క మందు మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి కాదు, దరఖాస్తు వేసిన రోజు నుంచి. ఆ రోజుకి మందు ఇంకా ల్యాబ్‌లోనే ఉంటుంది. జంతువుల మీద, ఆ తర్వాత మనుషుల మీద ప్రయోగాలు, అనుమతులు అన్నీ అయ్యేసరికి 10, 12 ఏళ్లు హరించుకుపోవచ్చు. పోయిన కాలానికి బదులుగా అమెరికాలో, యూరప్‌లో గరిష్ఠంగా 5 ఏళ్ల దాకా పొడిగింపు అడగొచ్చు. పిల్లల మీద అదనంగా పరీక్షలు చేస్తే ఇంకో 6 నెలలు.

ఇక రెండోది, చాలామందికి తెలియనిది. ఒక మందుకి ఒక్క పేటెంట్ ఉండదు. అణువుకి ఒకటి, దాని లవణ రూపానికి ఒకటి, స్ఫటిక రూపానికి ఒకటి, బిళ్ళ తయారీ పద్ధతికి, డోసుకి, రెండు మందుల కలయికకి, ఏ జబ్బుకి వాడాలో దానికి, ఇలా ఒకదాని మీద ఒకటి. వార్తల్లో "పేటెంట్ అయిపోయింది" అంటే సాధారణంగా మొదటిది అయిపోయిందని అర్థం. మిగతావాటి మీద కోర్టులో కేసు తేలేదాకా వేరే కంపెనీలు తమ మందు దింపడానికి జంకుతాయి. నాన్నగారిది రెండు మందులు కలిపిన బిళ్ళ అన్నారు కాబట్టి అక్కడ ఇలాంటి చిక్కు ఉండే అవకాశం ఇంకా ఎక్కువ.

మూడోది డేటా రక్షణ. పేటెంట్ లేకపోయినా మొదటి కంపెనీ ఇచ్చిన ప్రయోగ ఫలితాలను ఆసరా చేసుకుని ఇంకొకరికి కొన్నేళ్లు అనుమతి ఇవ్వకూడదనే నియమం చాలా దేశాల్లో ఉంది. దీనికి మంచి ఉదాహరణ సెమాగ్లూటైడ్, షుగర్‌కీ బరువు తగ్గడానికీ వాడే ఇంజెక్షన్. కెనడాలో ఏటా కట్టాల్సిన ఫీజు కట్టకపోవడంతో దాని పేటెంట్ గడువుకి ముందే పోయింది. అయినా డేటా రక్షణ వల్ల 2026 జనవరి దాకా అక్కడ జనరిక్‌కి, అంటే అదే మందుని వేరే కంపెనీలు తయారుచేసే చవక రకానికి, దారి దొరకలేదు.

సూటిమాట
నిదానం గారు నిదానంగానే చెప్పారు, నాకు మాత్రం కడుపు మండిపోతోంది. కీళ్లవాతానికి వాడే హ్యూమిరా చూడండి. 2002లో వచ్చింది. అసలు పేటెంట్ అమెరికాలో 2016కే అయిపోయింది. కానీ చుట్టూ 100కి పైగా పేటెంట్లు అల్లి పెట్టారు. యూరప్‌లో 2018 అక్టోబర్‌లో పోటీ మందులు దిగాయి, అమెరికాలో 2023 జనవరి దాకా దిగలేదు. మందూ ఒకటే, జబ్బూ ఒకటే, అమెరికావాళ్లకి నాలుగేళ్లు ఆలస్యం. ఆ నాలుగేళ్లలో ఎంతమంది బిళ్ళలు కోసుకున్నట్టు, ఇంజెక్షన్లు వారం వారం వాయిదా వేసుకున్నట్టు?

ఇంకోటి, కడుపులో మంటకి ఒమెప్రజోల్ ఉండేది. దాని పేటెంట్ అయిపోయే సమయానికి అదే కంపెనీ ఎసోమెప్రజోల్ అని అమెరికాలో 2001లో కొత్తది తెచ్చింది. ఒమెప్రజోల్‌లో అద్దంలో బొమ్మల్లాంటి రెండు రూపాలు కలిసి ఉంటాయి, అందులో ఒక్కదాన్ని వేరుచేసి పెట్టారు, అంతే. కొత్త పేరు, కొత్త రంగు, కొత్త పేటెంట్. పాతది చవకయ్యే వేళకి జనాన్ని కొత్తదాని మీదికి మళ్లించారు. దీన్ని ఎవర్‌గ్రీనింగ్ అంటారు, నేనైతే మోసం అంటాను.

తూనికరాయి
సూటిమాట గారూ, కోపం న్యాయమే. కానీ మొత్తాన్ని మోసం అనేస్తే ఒక సంగతి మరుగున పడుతుంది. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. మనుషుల మీద ప్రయోగాలదాకా వెళ్లిన పది మందుల్లో తొమ్మిది మధ్యలోనే ఆగిపోతాయి. ఒక్కటి నిలబడితే ఆ తొమ్మిదింటి ఖర్చూ దాని మీదే పడుతుంది. గడువు ఉండాలి, ఆ గడువులో సంపాదించుకోవాలి, ఇంతవరకు ఒప్పుకుంటాను. గడువు అయ్యాక కూడా తలుపుకి అడ్డంగా కాలు పెట్టడం దగ్గరే నాకూ మీకూ ఒకటే మాట.

నడిజాము గారి ప్రశ్నకి జవాబు ఒక లెక్కలో ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో చూపించిన లెక్క అది. జనరిక్ ఒక్కరే తయారుచేస్తుంటే తయారీదారుకి ముట్టే సగటు ధర బ్రాండు పాత ధర కంటే 39 శాతం తక్కువ. ఇద్దరైతే 54 శాతం. నలుగురైతే 79. ఆరుగురు, ఆ పైన ఉంటే 95 శాతం కంటే ఎక్కువే పడిపోతుంది. అంటే పేటెంట్ పోయిన తేదీ కాదు మనం చూడాల్సింది, ఎంతమంది తయారుచేస్తున్నారన్నది. మొదటివాడు వస్తే రేటు కదులుతుంది, నాలుగోవాడు వస్తే కూలుతుంది.

అమెరికాలో ఇంకో మెలిక కూడా ఉంది. 1984 నాటి హ్యాచ్-వాక్స్‌మన్ చట్టం ప్రకారం పేటెంట్‌ని మొట్టమొదట సవాలు చేసిన జనరిక్ కంపెనీకి 180 రోజులు ఒంటరిగా అమ్ముకునే హక్కు దక్కుతుంది. ధైర్యం చేసినందుకు బహుమతి అన్నమాట. అందుకే జనరిక్ వచ్చిందని విన్నా అక్కడ మొదటి ఆరు నెలలు రేటు పెద్దగా పడదు. ఆ ఆరు నెలలు దాటాక మిగతావాళ్లు ఒక్కసారిగా దిగుతారు.

సూటిమాట
ఆ సవాలు చేసినవాడికే బ్రాండ్ కంపెనీ డబ్బిచ్చి "ఇంకొన్నాళ్లు ఆగు" అని ఒప్పందం చేసుకుంటుంది, అది కూడా చెప్పండి మరి. ఇద్దరికీ లాభం, మధ్యలో నలిగేది మందు వేసుకునేవాడు. 2013లో యాక్టావిస్ అనే జనరిక్ కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటివి పోటీ చట్టాన్ని ఉల్లంఘించవచ్చు, విచారించవచ్చు అంది కాబట్టి కొంత అదుపులోకి వచ్చింది.

చీటీచదువరి
తూనికరాయి గారి లెక్కకి కౌంటర్ దగ్గరి మాట ఒకటి కలుపుతాను, ఎందుకంటే నడిజాము గారి నాన్నగారు పొరబడింది సరిగ్గా ఇక్కడే.

ఆయన బ్రాండు రేటు తగ్గుతుందని ఎదురు చూస్తున్నారు. చాలాసార్లు బ్రాండు తగ్గదు. తగ్గేది మందు, వేరే పేరుతో, పక్క అరలో. జనరిక్ వచ్చాక బ్రాండు రేటు ఉన్నచోటే ఉండటం, ఒక్కోసారి ఇంకా పెరగడం కూడా చూశాను. ఎందుకంటే రేటు చూసుకునేవాళ్లు అప్పటికే వెళ్లిపోయి ఉంటారు, ఎంతైనా అదే కావాలనే వాళ్లే మిగులుతారు. వాళ్ల దగ్గర తగ్గించాల్సిన అవసరం కంపెనీకి లేదు.

స్ట్రిప్ వెనక చూడండి. పెద్ద అక్షరాల్లో ఉండేది బ్రాండు పేరు. దాని కింద, కళ్లజోడు పెట్టుకుంటేగానీ కనపడనంత చిన్న అక్షరాల్లో, మందు అసలు పేరు, పక్కన మిల్లీగ్రాములు ఉంటాయి. రెండు మందులు కలిసి ఉంటే రెండు పేర్లు, రెండు అంకెలు. అవి కాగితం మీద రాసుకుని "ఈ పేరుతో, ఈ మోతాదులో ఇంకెవరివి ఉన్నాయి" అని అడగాలి. "రేటు తగ్గిందా" అని అడిగితే కౌంటర్‌లో ఉన్న మనిషి మీ చేతిలోని బ్రాండు రేటే చూసి లేదంటాడు, అది అబద్ధం కూడా కాదు.

ఒక్కోసారి బ్రాండ్ కంపెనీయే అదే బిళ్ళని పేరు తీసేసి వేరే పెట్టెలో తక్కువకి అమ్మిస్తుంది. బ్రాండు మార్చాలంటే భయపడేవాళ్లకి అది సుళువైన దారి, ఉందేమో అడగండి.

వెన్నెలకుప్ప
చదువుతుంటే అంతా బాగుంది కానీ నాకు జనరిక్ అంటే భయం. మా పాపకి ఫిట్స్. బ్రాండు మీద రెండేళ్లు ఒక్కసారి కూడా రాలేదు. ఒకసారి స్టాక్ లేదని వేరేది ఇచ్చారు, తొమ్మిదో రోజు స్కూల్లో పడిపోయింది. అది మందు వల్లనో కాదో ఎవరూ తేల్చి చెప్పలేదు. పాప కిందపడ్డప్పుడు పలక అంచు తగిలి కనుబొమ్మ దగ్గర చీలింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రేటు ఎంతైనా నేను బ్రాండే కొంటున్నా. తప్పంటారా?

తూనికరాయి
తప్పనే మాటే లేదమ్మా. మీ భయానికి ఆధారం ఉంది, కానీ అది అన్ని మందులకీ వర్తించదు. కాస్త విడమరిచి చెప్తాను.

జనరిక్‌కి అనుమతి ఇచ్చేముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి రెండూ ఇచ్చి రక్తంలోకి ఎంత చేరింది, ఎంత వేగంగా చేరింది కొలుస్తారు. 80 నుంచి 125 శాతం మధ్య ఉంటే చాలని ఒక మాట బాగా తిరుగుతుంది. దాంతో జనం, బిళ్ళలో మందు 20 శాతం తక్కువ వేస్తారేమో అనుకుంటారు. కాదు. ఆ హద్దుల మధ్య ఉండాల్సింది సగటు ఒక్కటే కాదు, లెక్కల్లోని అనిశ్చితితో సహా మొత్తం అంచనా. సగటు 100కి దగ్గరగా లేకపోతే అది ఆ హద్దుల్లో ఇమడటం కష్టం. 1996 నుంచి 2007 దాకా ఎఫ్‌డీఏకి వచ్చిన 2,070 అధ్యయనాలు తిరగేస్తే, రక్తంలో చేరిన మొత్తం మందులో బ్రాండుకీ జనరిక్‌కీ సగటు తేడా సుమారు 3.5 శాతం. ఒకే బ్రాండులో రెండు బ్యాచ్‌ల మధ్య కూడా కొద్దిపాటి తేడా ఉంటుంది.

అలాగని పొరపాట్లు జరగలేదనను. డిప్రెషన్‌కి ఇచ్చే బుప్రొపియాన్‌లో, మెల్లగా విడుదలయ్యే 300 మిల్లీగ్రాముల జనరిక్ ఒకటి బ్రాండుతో సమానం కాదని 2012లో ఎఫ్‌డీఏయే తేల్చి మార్కెట్ నుంచి తీయించింది. ఏళ్ల తరబడి రోగులు చెబుతూ వచ్చాకే అది జరిగింది. వాళ్ల మాట ముందే విని ఉంటే బాగుండేది.

ఫిట్స్ మందులు కొన్ని, రక్తం పలచబరిచే వార్ఫరిన్, థైరాయిడ్ బిళ్ళ, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే టాక్రోలిమస్, ఇలాంటివాటిలో సరిపోయే మోతాదుకీ, ఎక్కువ తక్కువైతే హాని చేసే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. వీటిలో బ్రాండా జనరికా అన్నది కాదు ముఖ్యం, నెలనెలా మారకుండా ఒకే కంపెనీది వాడటం ముఖ్యం. మార్చాల్సి వస్తే డాక్టర్‌కి చెప్పి, రక్త పరీక్ష చేయించుకుంటూ మార్చాలి. పాపకి మీరు చేస్తున్నది ఇదే.

వెన్నెలకుప్ప
ఇలా ఎవరూ చెప్పలేదు. వచ్చే నెల డాక్టర్ దగ్గర ఈ "ఒకే కంపెనీ" మాట అడుగుతాను. ధన్యవాదాలండీ.

గోరింటచెట్టు
నాకు కీళ్లవాతం, పైన సూటిమాట గారు చెప్పిన ఇంజెక్షనే వాడాను, ఏడాదిన్నర క్రితం బయోసిమిలర్‌కి, అంటే వేరే కంపెనీ చేసిన దాని నకలుకి, మారాను. నా అనుభవం చెప్తే ఎవరికైనా పనికొస్తుందేమో. ఇవి బతికున్న కణాల్లో తయారయ్యే మందులు, బిళ్ళలా రసాయనాలు కలిపి చేసేవి కాదు. నకలు తయారుచేయడానికే ఏళ్లు పడుతుంది, అందరూ చేయలేరు. అందుకే బిళ్ళల్లో పడిపోయినట్టు 90 శాతం పడిపోతుందని ఆశ పెట్టుకోకండి. నాకు సగానికి కొంచెం తక్కువ దిగింది. పనితనంలో తేడా తెలియలేదు. సూది కొంచెం మందం, పెన్ను నొక్కితే వినపడే టిక్ శబ్దం వేరు. మొదటి రెండుసార్లు ఆ శబ్దం రాక, మందు వెళ్లిందో లేదో అని చాలా టెన్షన్ పడ్డాను. మారేముందు నర్సు చేత ఒకసారి చేయించుకుని చూడండి.

పాతసైకిలు
పిల్లలూ, పేటెంట్లు, తేదీలు అంటున్నారు గానీ, కొన్నిసార్లు తేదీ కోసం ఎదురు చూడలేని రోజులు వస్తాయి. నేను ఎయిడ్స్ రోగుల దగ్గర స్వచ్ఛందంగా పనిచేసినవాణ్ణి. 2000 ప్రాంతంలో మూడు మందులు కలిపి వాడితే మనిషి బతుకుతాడని తెలుసు. మనిషికి ఏడాదికి 10,000 డాలర్ల పైమాటే. మందు ఉందని తెలిసీ చెయ్యి పట్టుకుని కూర్చోవడం తప్ప ఏం చేయలేకపోయిన రోజులవి. 2001 ఫిబ్రవరిలో సిప్లా కంపెనీ ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానంది. రోజుకి ఒక్క డాలర్ కూడా పడదు. అదే ఏడాది నవంబర్‌లో దోహాలో, ప్రజారోగ్యం కోసం పేటెంట్‌ని పక్కన పెట్టే హక్కు దేశాలకి ఉందని ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలన్నీ ఒప్పుకున్నాయి.

ఆ హక్కు వాడుకున్న సందర్భాలు తక్కువే, కానీ ఉన్నాయి. 2012లో భారత ప్రభుత్వం కాలేయ, మూత్రపిండ క్యాన్సర్‌కి వాడే సొరాఫెనిబ్ తయారీకి వేరే కంపెనీకి అనుమతి ఇచ్చింది. దాన్ని కంపల్సరీ లైసెన్స్ అంటారు. రేటు దాదాపు 97 శాతం పడిపోయింది. ఆ మరుసటి ఏడాది, 2013 ఏప్రిల్ 1న, రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ కొత్త స్ఫటిక రూపానికి పేటెంట్ ఇవ్వడం కుదరదని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. పాత మందుకి చిన్న మార్పు చేస్తే చాలదు, జబ్బు మీద పనితనం పెరిగిందని చూపాలని అక్కడి చట్టంలోనే ఉంది. సూటిమాట చెప్పిన ఎవర్‌గ్రీనింగ్‌కి అడ్డుకట్ట అంటే అది.

2010లో మెడిసిన్స్ పేటెంట్ పూల్ అని మొదలైంది. కంపెనీలను ఒప్పించి, పేటెంట్ ఉండగానే పేద దేశాల కోసం జనరిక్‌లు తయారుచేసే లైసెన్సులు ఇప్పిస్తుంది. ఎవరి పోరాటమూ లేకుండా రేటు దానంతటదే తగ్గిన మందుని నేనైతే చూడలేదు.

మట్టిగాజు
ఒక సందేహం. పేటెంట్ అడ్డు అంటున్నారు, మరి ఇన్సులిన్‌కి ఏమైంది? అది కనిపెట్టి వందేళ్లు దాటింది కదా.

నిదానం
చాలా మంచి ప్రశ్న. 1923లో ఇన్సులిన్ పేటెంట్‌ని కనిపెట్టినవాళ్లు టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలర్‌కి ఇచ్చేశారు, అందరికీ అందాలని. అయినా ఇప్పటికీ చాలామందికి భారమే. ప్రపంచ మార్కెట్‌లో 90 శాతానికి పైగా ఏళ్ల తరబడి మూడు కంపెనీల చేతుల్లోనే ఉంది. కొత్త రకాలకి కొత్త పేటెంట్లు, ఇంజెక్షన్ పెన్నులకి వేరే పేటెంట్లు. తూనికరాయి గారన్నదే ఇక్కడా నిజం, తయారుచేసేవాళ్లు నలుగురైదుగురు లేకపోతే పేటెంట్ పోయినా ఫలితం ఉండదు. ఆస్తమా ఇన్‌హేలర్లదీ ఇదే గొడవ. మందు పాతదే, దాన్ని చిమ్మే పరికరానికి పేటెంట్. ఓజోన్ పొరకి హాని చేసే వాయువున్న పాత సాల్బుటమాల్ ఇన్‌హేలర్లను అమెరికాలో 2008తో ఆపేశారు, అది అవసరమే. కానీ కొత్త వాయువుతో వచ్చినవాటికి కొత్త పేటెంట్లు ఉండటంతో చవక జనరిక్‌లు పోయి రేటు మళ్లీ ఎక్కింది.

మట్టిగాజు
అంటే తగ్గిన రేటు మళ్లీ పెరగొచ్చన్నమాట.

చీటీచదువరి
పెరగొచ్చు. పైరిమెథమైన్ అని చాలా పాత మందు, పేటెంట్ ఎప్పుడో పోయింది. 2015లో అమెరికాలో దాన్ని అమ్మే ఒక్క కంపెనీ చేతులు మారి, బిళ్ళ 13.50 డాలర్ల నుంచి ఒక్కసారిగా 750 డాలర్లయింది. పోటీకి ఇంకెవరూ లేరు కాబట్టి.

నడిజాము
ఆలస్యానికి మన్నించండి, నాలుగు రోజులు దీనితోనే గడిచాయి. నీరు దిగడానికి మందు ఇచ్చారు, వాపు చాలావరకు తగ్గింది. చీటీచదువరి గారు చెప్పినట్టు సగం బిళ్ళల పొట్లం డాక్టర్ బల్ల మీద పెట్టాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నాన్నగారి వైపు తిరిగి "నన్ను అడిగి ఉంటే వేరే దారి చూసేవాణ్ణి కదండీ" అన్నారు. నాన్నగారు తల దించుకున్నారు, నాకు చాలా బాధేసింది.

స్ట్రిప్ వెనక ఉన్న రెండు పేర్లూ, మిల్లీగ్రాములూ కాగితం మీద రాసుకుని వెళ్లాను. అదే కలయిక ఇప్పుడు ఇంకో ఇద్దరు తయారుచేస్తున్నారట. మాకు తెలియనే తెలియదు, ఎందుకంటే మూడేళ్లుగా పాత చీటీ చూపించి అదే బ్రాండు పేరు చెప్పి కొంటున్నాం. డాక్టర్ చీటీ మందు పేరుతో కొత్తగా రాసిచ్చారు. రేటు ఇప్పుడు దాదాపు సగమే, తూనికరాయి గారి లెక్కలో ఇద్దరంటే ఎంతో ఇంచుమించు అంతే. మిగతావాళ్లు కూడా దిగితే ఇంకా తగ్గొచ్చు, అప్పటికి ఇలాగే నడుస్తుంది. మార్చిన రెండు వారాలకి బీపీ, రక్త పరీక్ష చేయించుకుని రమ్మన్నారు.

చీటీచదువరి
మంచి కబురు. పాత స్ట్రిప్పులూ కొత్తవీ ఒకే డబ్బాలో ఉంచకండి. పేర్లు వేరు కాబట్టి రెండు వేరే మందులనుకుని రెండూ వేసుకునేవాళ్లు ఉన్నారు. ఆ సగం ముక్కలు కూడా తీసేయండి.

నడిజాము
తీసేశాను. బ్లేడు కూడా ఆ డబ్బాలోనే ఉంది, అదీ పారేశాను. ఇప్పుడు రోజూ రాత్రి పడుకునే ముందు నాన్నగారే స్ట్రిప్ తెచ్చి నాకు చూపిస్తున్నారు. నేను అడగలేదు. పది బిళ్ళల స్ట్రిప్, నిన్నటికి మూడు రోజులు, ఆరు అరలు ఖాళీ.